డాబా తోట కిట్టు: సంక్రాంతి నుంచి వైశాఖం దాకా వాడి చూశాక

విజయనగరంలో మా ఇంటి డాబా మీద కూరగాయలు పండించుకోవాలన్న కోరికతో ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారంలో ఊరి శివార్లలోని ఒక నర్సరీ నుంచి, వాళ్ళు ‘డాబా తోట కిట్టు’ అని అమ్ముతున్న సరంజామా మొత్తాన్ని 14,500 రూపాయలకు కొన్నాను. మంచు పట్టే తెల్లవారుజాముల్లోనూ, శివరాత్రి తర్వాత ఒక్కసారిగా ముదిరిన ఎండలోనూ, ఉగాదికి ముందు కురిసిన వడగళ్ళ వానలోనూ దాన్ని నాలుగు నెలలపాటు వాడి చూశాను కాబట్టి, ఇదే ఆలోచనలో ఉన్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఫిర్యాదులు కొన్ని గట్టివే గనుక దుకాణం పేరు చెప్పడం లేదు.

ఆ డబ్బుకు వాళ్ళు ఇచ్చినవి 15 అంగుళాల వెడల్పూ అంతే ఎత్తూ ఉన్న గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) 12, 12 అంగుళాలవి మరో 12, అయిదేసి కిలోల కోకోపీట్ (కొబ్బరిపొట్టు) దిమ్మలు 6, వర్మీకంపోస్టు 100 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ఇరవై అడుగుల పొడవు పది అడుగుల వెడల్పు గల, నీడనిచ్చే పచ్చ షేడ్‌నెట్టు, దాన్ని నిలబెట్టే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల చట్రం, టైమరుతో సహా డ్రిప్పు సామాను, టమాటా, వంగ, మిరప నారు. బిగింపు కూలి కూడా అందులోనే కలిసి ఉంది. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: ఈ కిట్టులో చేత్తో కదపగలిగిన వస్తువులన్నీ పనికొచ్చాయి, బిగించి వదిలేసిన వస్తువులన్నీ ఇబ్బంది పెట్టాయి. అందుకు కారణం వస్తువుల నాణ్యతలో కంటే మన వాతావరణంలో ఎక్కువగా ఉంది.

ఉత్తర కోస్తాలో తోట పెట్టేవాడికి పంచాంగంలోని వసంతం వేరు, డాబా మీది వసంతం వేరు. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని లెక్క కానీ, కూరగాయ మొక్కకు ఋతువు మారేది శివరాత్రి నాటికే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలన్నది నిజమే. అయితే అలా వెళ్ళిన చలి నాలుగైదు తెల్లవారుజాములకు చెప్పాపెట్టకుండా వెనక్కి రావడం, వస్తూ వస్తూ ఆకుల మీద నీళ్ళు కారేంత మంచును తేవడం ఇక్కడ మామూలే. ఆ తర్వాత మార్చిలో నేల వేడెక్కుతుంది, బంగాళాఖాతం మీది నుంచి తేమగాలి లోపలికి వస్తుంది, దానికి ఉపరితల ద్రోణి ఒకటి తోడైతే మధ్యాహ్నం దాకా మాడ్చిన ఆకాశమే సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘమై ఒడిశా కొండల వైపు నుంచి ఉరుముకుంటూ దిగుతుంది. గాలి, పిడుగులు, ఒక్కోసారి వడగళ్ళు, అరగంటలో అంతా ముగిసి మళ్ళీ చుక్కలు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. వాటిని చూసినవాళ్ళం కనుక మేడ మీద సామాను కట్టుకోవాలన్న జ్ఞానం మనకు అక్టోబరు, నవంబరు నెలల్లో తప్పకుండా ఉంటుంది. చైత్రానికి అటూ ఇటూ వచ్చే గాలివానకు పేరుండదు, నాలుగు రోజుల ముందు హెచ్చరిక ఉండదు, కాబట్టి దానికి ఎవరూ సిద్ధపడరు. ఈ కిట్టును రూపొందించినవారు కూడా సిద్ధపడలేదు.

గ్రోబ్యాగుల విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ అల్లికతో మందంగా ఉన్నాయి, పట్టుకోవడానికి చెవులు ఉన్నాయి, నాలుగు నెలల్లో రెండింటికి మాత్రం అడుగు కుట్టు ఊడితే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. అయితే ఎవరూ చెప్పని సంగతి బరువు. పెద్ద సంచిలో 40 లీటర్ల పైచిలుకు మిశ్రమం పడుతుంది, నీళ్ళు పట్టాక ఒక్కొక్కటి 35 నుంచి 40 కిలోల దాకా తూగుతుంది. పన్నెండు సంచులను డాబా నడిమధ్యలో వరసగా పేర్చబోతున్న కుర్రవాళ్ళను ఆపి, కింద గోడలూ దూలాలూ ఉన్న చోటు చూసి పిట్టగోడ వారగా పెట్టించాను. అడుగున రెండేసి ఇటుకలు పెట్టించడం కూడా నా పట్టుదలే. ఆ ఇటుకలు లేకపోతే తర్వాత వచ్చిన వానకు సంచుల అడుగు రంధ్రాలు గచ్చుకు అతుక్కుని నీరు లోపలే నిలిచిపోయేది. పడమటి ఎండ నేరుగా తగిలే వైపున మార్చి నుంచి సంచుల చుట్టూ పాత గోనెపట్టాలు కట్టాను, ఎందుకంటే నేలలోని మొక్కకు లేని కష్టం సంచి మొక్కకు ఒకటుంది: దాని వేళ్ళకు పక్కల నుంచి కూడా ఎండ కాస్తుంది.

కోకోపీట్ గురించి కొంచెం వివరంగా రాయాలి. మా ఆవిడ పుట్టింటివారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఉద్దానంలో కొబ్బరిపీచు పని ఎంతగా ఉంటుందో తెలిసినవాళ్ళు గనుక, నేను దిమ్మలు కొన్నానని విని మా బావమరిది, “బావా, మా దగ్గర కొబ్బరిపొట్టు కుప్పలు పోసి వదిలేస్తుంటే నువ్వు దాన్ని డబ్బిచ్చి కొన్నావా?” అని ఫోనులో చాలాసేపు నవ్వాడు. నవ్వు అయ్యాక మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు: ఉప్పు కడగకుండా వాడొద్దని. కొబ్బరిపొట్టులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఎక్కువ. కడిగి ఆరబెట్టిన దిమ్మ అయితే ఫరవాలేదు, కడగనిదైతే మిరప లాంటి సున్నితమైన మొక్కకు ఆకుల అంచులు మాడిపోతాయి. నర్సరీవారు ‘కడిగిన సరుకే’ అన్నారు. నేను ఒక దిమ్మను బక్కెటులో నానబెడితే నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి, మూడోసారి వంపాక గానీ తేటపడలేదు. రంగు ఒక్కటే ఉప్పుకు రుజువు కాదని నాకు తెలుసు, అందుకే పరీక్షగా రెండు మిరప మొక్కలను కడగని పొట్టులో, రెండింటిని కడిగిన పొట్టులో నాటాను. పది రోజుల్లో మొదటి రెండింటి ఆకుల కొనలు గోధుమరంగుకు మారాయి. మిగిలిన దిమ్మలన్నీ మూడేసి నీళ్ళలో కడిగాకే వాడాను. ఈ మాట కిట్టుతో ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు.

ఇంకొక సలహా కూడా నేను పాటించలేదు. మట్టి అసలు అక్కర్లేదని, కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపితే చాలని వాళ్ళు చెప్పారు. చలికాలానికి అది సరిపోవచ్చు గానీ, ఎండలో కోకోపీట్ ఒక మోసం చేస్తుంది: పైపొర పొడిపొడిగా కనిపిస్తుంది, లోపల తడి నిండుగా ఉంటుంది, మనం జాలిపడి మళ్ళీ నీళ్ళు పోస్తాం, వేరు కుళ్ళుతుంది. మరీ ఎండిపోయిందా, పోసిన నీటిని పీల్చుకోక పక్కల నుంచి జార్చేస్తుంది. మన జిల్లాలో ఎర్రమట్టికి కొదవ లేదు; మూడో వంతు ఎర్రమట్టి కలిపిన సంచులు తడిని నిలకడగా పట్టి ఉంచాయి, గాలికి మొక్కలు ఒరిగిపోకుండా వేళ్ళకు పట్టు కూడా దొరికింది. బరువు పెరిగిన మాట నిజమే. నీరు పోసే ముందు రెండు కణుపుల లోతుకు వేలు గుచ్చి చూడడం అలవాటయ్యాక ఈ గొడవ తీరింది.

వర్మీకంపోస్టు మాత్రం ఈ కిట్టులో అన్నిటికంటే మంచి వస్తువు. చక్కగా జల్లించి ఉంది, తొలకరి వానకు తడిసిన నేల వాసన వచ్చింది, కుళ్ళని గడ్డి పరకలు గానీ గులకరాళ్ళు గానీ లేవు. అది ఒక్కటీ విడిగా మళ్ళీ రెండుసార్లు తెప్పించుకున్నాను.

నారు దగ్గర నర్సరీ మనసు రెండు రకాలుగా కనిపించింది. వంగనారు బాగుంది, నాలుగైదు ఆకులతో, పొట్టి కాడతో, తెల్లటి వేళ్ళతో ఉంది. టమాటా నారు ముదిరిపోయింది. గుంతలున్న నారు పళ్ళెం, అంటే ప్రోట్రేలో టమాటా 25, 30 రోజులు ఉంటే చాలు. నాకు ఇచ్చినవాటికి అప్పుడే మొగ్గలు వచ్చాయి, వేళ్ళు గుంత అడుగున చుట్టలు చుట్టుకున్నాయి. రకం పేరేమిటని అడిగితే ‘హైబ్రిడ్’ అన్నారు. అది పేరు కాదు. ముదిరిన టమాటా నారును కాడ సగం దాకా మట్టిలో పూడ్చి నాటితే ఆ కాడ నుంచి కొత్త వేళ్ళు పుడతాయి కాబట్టి అవి బతికాయి గానీ, పొదగా ఎదగడానికి మూడు వారాలు అదనంగా తీసుకున్నాయి. పోల్చి చూడడం కోసం బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ విత్తనం తెప్పించి సొంతంగా నారు పోశాను. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే సంకరం అది. ఫిబ్రవరి మంచుకు నా నారుమడిలో కూడా పాతిక శాతం మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. రోజూ సాయంత్రం నీళ్ళు చల్లడం నా తప్పు. ఉదయం పూట మాత్రమే తడిపి, తెగుళ్ళను అణిచే మేలైన శిలీంధ్రం ట్రైకోడెర్మా కలిపిన వర్మీకంపోస్టు పలచగా చల్లాక మిగిలినవి నిలబడ్డాయి. నాటిన తర్వాత ఆ మొక్కల్లో ఒక్కదానికీ ఆకుముడత రాలేదు. పేరు లేని హైబ్రిడ్ మొక్కల్లో మూడింటికి వచ్చింది, పీకి పారేశాను.

బెండ విషయంలో నర్సరీవారి తొందరను పాటించి ఉంటే విత్తనం వృథా అయ్యేది. కిట్టుతోపాటే పొట్లం ఇచ్చి వెంటనే వేసుకోమన్నారు. మాఘమాసపు చల్లటి మట్టిలో బెండ మొలక సాగదు. శివరాత్రి దాటాక రాత్రంతా నానబెట్టి వేస్తే అయిదో రోజుకు మొలిచింది. ఆకుకూరల్లో పాలకూర, కొత్తిమీర ఎండ ముదరగానే పూతకు వెళ్ళిపోయాయి, తోటకూర, గోంగూర, బచ్చలి హాయిగా పెరిగాయి. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, వాటి స్వభావం అది.

ఇప్పుడు అసలు సమస్య అయిన షేడ్‌నెట్టు, దాని చట్రం దగ్గరికి వస్తాను.

బిల్లు మీద 50 శాతం నీడనిచ్చే వల అని రాసి ఉంది. కట్టిన వారం తర్వాత మొక్కలు వెలుగు కోసం మెడలు చాచినట్టు సన్నగా సాగుతుండడం చూసి అనుమానం వచ్చి, ఫోనులో వెలుతురు కొలిచే యాప్ పెట్టి చూశాను. ఉదయం తొమ్మిదింటికి వల బయట 60 వేల లక్స్ చూపించింది, వల కింద 16 వేలు. అంటే వల ఆపుతున్నది సగం కాదు, దాదాపు ముప్పాతిక. ఫోను కొలత శాస్త్రీయ పరికరమంత కచ్చితం కాకపోవచ్చు, కానీ అదే ఫోనుతో లోపలా బయటా కొలిచి పోల్చినప్పుడు తేడా ఎంతన్నది బాగానే తెలుస్తుంది. 75 శాతం వల అలంకార మొక్కలకూ నారుమళ్ళకూ పనికొస్తుంది. కాయ కాయవలసిన టమాటా, వంగ, బెండలకు 35 శాతం చాలు, మన మే నెల ఎండకు మహా అయితే 50. ఈ సంగతి చెప్పినప్పుడు దుకాణదారు కాదనలేదు. “నీడెక్కువైతే మంచిదే కద మాస్టారూ, ఎండకి మాడకుండా ఉంటాయి” అన్నారు. మే నెలకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. ఫాల్గుణంలో చెల్లదు, ఎందుకంటే అప్పుడు ఎండ రోజూ ఒకేలా ఉండదు. ఫిబ్రవరి చివరి వారంలో మా డాబా మీద నీడలో పెట్టిన థర్మామీటరు 36 డిగ్రీలు చూపించింది. మార్చి రెండో వారంలో ఆరు రోజులు మబ్బు పట్టి 29 దాటలేదు. ఆ ఎండ వారంలో వల లేకపోతే మొక్క వాడిపోతుంది, ఆ మబ్బు వారంలో వల ఉంటే మొక్క చీకట్లో కూర్చుంటుంది. ఉండవలసిన గుణం నీడ కాదు, నీడను వేసి తీయగలగడం.

ఆ గుణమే ఈ చట్రానికి లేదు. నాలుగు మూలలా నాలుగు పైపులను పిట్టగోడకు బోల్టులతో బిగించి, పైన చదునుగా వలను పరిచి, అడుగుకొకటి చొప్పున జీఐ తీగతో మెలిపెట్టి కట్టేశారు. తీయాలంటే కటింగ్ ప్లేరు పట్టుకుని నిచ్చెనెక్కి 60 ముడులు కత్తిరించాలి. బిగించిన రోజునే, గాలి వస్తే ఏమిటి పరిస్థితి అని అడిగాను. “దీనికేటవుద్ది మాస్టారూ, ఏటీ అవదు, మా తోటలో రెండేళ్ళబట్టి ఉంది” అని ధైర్యం చెప్పారు. వాళ్ళ తోట నేల మీద, చుట్టూ చెట్ల మధ్య ఉంది. మా డాబా రెండంతస్తుల మీద, ఏ అడ్డూ లేకుండా ఉంది. ఆ తేడా అప్పుడు నాకూ తట్టలేదు.

ఆ మబ్బు రోజుల్లో జరిగిన నష్టాన్ని ముందు చెప్పాలి, ఎందుకంటే గాలివాన నష్టం కళ్ళకు కనబడుతుంది, ఇది కనబడదు. వలను తీయలేక వదిలేసిన ఆ ఆరు రోజుల్లో ఆనప, బీర తీగల ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వచ్చింది, బెండ లేత చివుళ్ళ కింద పేనుబంక పట్టింది, మబ్బు విడిపోయాక టమాటాకు వచ్చిన తొలి పూత రాలిపోయింది. పూత రాలడానికి వల ఒక్కటే కారణమని అనను. పగలు 35 దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పూత కాడ దగ్గర పసుపెక్కి రాలుతుంది. కానీ వెలుతురు చాలక అప్పటికే బలహీనపడిన మొక్క ఆ వేడిని ఇంకా తక్కువగా తట్టుకుంది. వల పక్కల నుంచి కూడా నేల దాకా దించి కట్టడం వల్ల తేనెటీగలు లోపలికి రాలేదు. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పువ్వు ఉదయం విచ్చుకుంటుంది. ఆ వేళలకు డాబా ఎక్కి మగపువ్వును కోసి ఆడపువ్వుకు అద్దితే తప్ప పిందె నిలవలేదు. మా మనవరాలికి అది సరదాగా ఉంది, నాకు మోకాళ్ళ నొప్పిగా ఉంది.

ఉగాదికి వారం ముందు ఒక సాయంత్రం, అయిదు దాటాక, ఫోనులో దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇచ్చింది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడే అవకాశాన్ని చెప్పే ఆ ప్రభుత్వ యాప్‌ను తోట పనివారందరూ పెట్టుకోవాలి. వాయవ్యాన ఆకాశం నల్లబడి ఉంది. ప్లేరు తీసుకుని డాబా ఎక్కాను, ఏడెనిమిది ముడులు కత్తిరించేసరికి తొలి ఉరుము వినిపించింది, ఇనప చట్రం పక్కన నిచ్చెన మీద నిలబడి ఉన్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి గబగబా దిగివచ్చేశాను. కూరగాయల కోసం చేసే పని కాదది. తర్వాత పదిహేను నిమిషాల్లో జరిగింది కిందనుంచి విన్నాను, వాన వెలిశాక పైకి వెళ్ళి చూశాను. చదునుగా పరిచిన వల మీద వడగళ్ళు జారిపోయే దారి లేక నడుమన కుప్పపడి, వల ఉట్టిలా కిందికి వేలాడింది. ఆ బరువుకు నడిమి పైపు వంగింది. గాలి వల అంచు కిందికి దూరి పైకెత్తడంతో వీధి వైపు పిట్టగోడలో బిగించిన రెండు బోల్టులు సిమెంటు పెచ్చుతో సహా ఊడి వచ్చాయి. పైపు వీధిలో పడకపోవడం మా అదృష్టం. కింద పక్కింటి అప్ప అప్పుడే పెరుగు తెచ్చుకుని లోపలికి వెళ్ళారట.

న్యాయం చెప్పాలంటే, వల తెగేదాకా దాని కింద ఉన్న మొక్కలను వడగళ్ళ నుంచి కాపాడింది. వల బయట పెట్టిన నాలుగు సంచుల్లోని బచ్చలి, బెండ ఆకులు జల్లెడలయ్యాయి; లోపలి వంగ మొక్కలకు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. దెబ్బతిన్న ఆకులు కత్తిరించి, గాయాల్లోంచి తెగులు దిగకుండా లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి కొట్టాను. వారానికి కొత్త చివుళ్ళు వచ్చాయి. మొక్క కోలుకున్నంత సులువుగా పిట్టగోడ కోలుకోలేదు, మేస్త్రికి 1,200 అయింది.

ఆ తర్వాత చేసుకున్న ఏర్పాటు ఖర్చు 1,900 రూపాయలు. భోగాపురం వైపు నుంచి వచ్చే సరుగుడు కర్రలు ఆరు కొని, మట్టి నింపిన పాత పెయింటు డబ్బాల్లో పాతి, పిట్టగోడ కొక్కేలకు తాళ్ళతో కట్టాను. ఒకవైపు కర్రలు అడుగున్నర పొట్టిగా ఉంచాను కాబట్టి కప్పు ఏటవాలుగా ఉంటుంది, వడగళ్ళయినా వాన నీరయినా జారిపోతుంది. కర్రల మధ్య ప్లాస్టిక్ తొడుగున్న తీగలు రెండు లాగి, వేరే చోట కొన్న 50 శాతం వలను గుమ్మం తెర రింగులతో వాటికి తగిలించాను. ఎండకు లాగుతాను, మబ్బుకు జరుపుతాను. మబ్బు కమ్మితే మొత్తం ఒక మూలకు చుట్టి తాడు వేయడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు, నిచ్చెన అవసరం లేదు, మా ఆవిడ కూడా ఒంటరిగా చేయగలదు. ఏప్రిల్‌లో మరో రెండు గాలివానలు వచ్చాయి. వల చుట్టేసి ఉంది, కర్రలు కదలలేదు.

డ్రిప్పు గురించి ఎక్కువ రాయను. నీటి ట్యాంకు అదే డాబా మీద అయిదడుగుల దిమ్మ మీద ఉంది. పది మీటర్ల ఎత్తు ఉంటే తప్ప ఒక బారు ఒత్తిడి రాదు, మాకున్నది అందులో ఆరో వంతు కూడా కాదు. దాంతో ట్యాంకు దగ్గరి సంచులకు ధార, చివరి సంచులకు చుక్క. బోరు నీటి సున్నం వల్ల రెండో నెలకే సన్న రంధ్రాలు పూడుకుపోయాయి. టైమరు బాగానే పనిచేసింది, కుండపోత వాన కురుస్తున్నప్పుడు కూడా సమయానికి నీళ్ళు వదిలింది. విప్పి అటక మీద పెట్టేశాను, రోజ్‌క్యాన్‌తో పోస్తున్నాను.

చీడల మందుల విషయంలో దుకాణంలో పనిచేసే కుర్రవాడు యజమాని కంటే నయమనిపించాడు. బూడిద తెగులుకు పెద్ద డబ్బా అంటగట్టబోతుంటే అతనే అడ్డుపడి, ముందు ఆ ఆకులు తెంపి ఎండ తగలనిమ్మని, పేనుబంకకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె నాలుగు చుక్కల సబ్బునీళ్ళతో కలిపి పొద్దువాలాక కొట్టమని చెప్పాడు. పొద్దువాలాక అన్న మాట ముఖ్యం. మిట్టమధ్యాహ్నం వేపనూనె కొడితే ఆకు మాడుతుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు రెండు ఉచితంగా ఇచ్చాడు. మిరపకు ఏప్రిల్‌లో తామరపురుగులు పట్టి ఆకులు పైకి ముడుచుకున్నాయి, ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

మే మొదటి వారం దాకా నేను రాసుకున్న లెక్క ఇది: వంకాయలు 14 కిలోలు, బెండకాయలు 9, టమాటాలు 6 మాత్రమే, అందులో నాలుగున్నర అర్క రక్షక్ మొక్కలవే. ఆనపకాయలు 7, బీరకాయలు పాతిక దాకా. ఆకుకూరలు బజారులో కొన్న రోజు లేదు. పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇది లాభసాటి వ్యవహారం కాదు, ఎవరైనా అలా చెప్పి అమ్మితే నమ్మకండి. కానీ సంచులు, మట్టి, కర్రలు మరికొన్నేళ్ళు ఉంటాయి, లేత వంకాయను కోసిన పది నిమిషాల్లో అల్లం పచ్చిమిర్చి కారం పెట్టి వండుకుంటే దానికి బజారులో ధర కట్టలేం.

సేవ విషయానికొస్తే, సామాను చెప్పిన రోజుకే తెచ్చారు, డాబా మీదికి మోశారు, పని ముగిశాక ఊడ్చి వెళ్ళారు. గాలివాన మర్నాడు ఫోను చేస్తే యజమాని స్వయంగా వచ్చి చూశారు, నొచ్చుకున్నారు, కానీ చట్రం డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు, ప్రకృతి వైపరీత్యమట. ప్రతి ఏటా ఇదే కాలంలో వచ్చే గాలిని వైపరీత్యం అనవచ్చా అని వాదించాను. చివరికి వల శాతం తేడాకు 600 రూపాయలు, పాతిక కిలోల వర్మీకంపోస్టు ఇచ్చారు. మేస్త్రి కూలి నాదే.

మొత్తం కిట్టుగా దీన్ని కొనమని చెప్పలేను. చట్రం, డ్రిప్పు, టైమరు కలిపి దాదాపు 8,000 రూపాయలు అక్కడే పోతున్నాయి. అవి తీసేసి సంచులు, వర్మీకంపోస్టు, వేపపిండి, వంగనారు విడిగా కొంటే ఆరు వేల లోపే తోట మొదలవుతుంది, పైన చెప్పిన కర్రల పందిరి ఎవరి డాబాకు వారు కట్టుకోవచ్చు. ముందు ‘విడిగా అమ్మం’ అన్నారు గానీ ఇప్పుడు అడిగితే ఇస్తున్నారు. టమాటా నారు కావాలంటే ప్రోట్రే తిప్పి వేళ్ళు చూసి తీసుకోండి. వల మాత్రం కట్టించుకునే ముందే ఎండలో పరిపించి ఫోనుతో కొలిచి చూడండి. అడిగినవారికి లోపల గదిలోంచి 50 శాతం వల తీసి ఇస్తున్నారు, అడగనివారికి బయట వేలాడే 75 శాతం వలే చుట్టి చేతికిస్తున్నారు.